పెద్దవయస్సున ఇల్లు కుదించుకొనుట: ఆనేకల్ ప్రాంతపు తెలుగు కుటుంబముల విషయమున నొక పరిశీలన

ఇల్లు కట్టుటను గూర్చి మన పూర్వులు విస్తారముగ వ్రాసిరి. స్థలపరీక్ష, శంకుస్థాపన, ద్వారబంధము నిలుపుట, గృహప్రవేశము, ప్రతిదానికిని శాస్త్రము కలదు, ముహూర్తము కలదు. కట్టిన యింటిని విడిచి అంతకంటె చిన్నయింటికి పోవుటకు మాత్రము ముహూర్తము అడుగువారు లేరు. వానప్రస్థమున ఇల్లు విడుచుట యున్నది గాని ఇల్లు చిన్నది చేసికొనుట లేదు. ఆ కాలమున ఆ యవసరమును తక్కువయే. తలిదండ్రులు కొడుకులు కోడండ్ర నడుమ ఆ యింటనే కన్నుమూయుదురు. ఇల్లు మనుష్యులకు చాలకుండునే గాని మనుష్యులు ఇంటికి చాలకుండుట యుండదు. నేడట్లు కాదు. కుమారుడు డల్లసులోను, కుమార్తె హైదరాబాదులోను ఉండగా డెబ్బదియేండ్ల దంపతులు ఇరువురే రెండంతస్తుల మిద్దెయింట కాపురముండుట మన వీథులలో సామాన్యమైనది. మేడమీది గదులకు తాళము. మోకాళ్ళ నొప్పులచే ఆ మెట్లెక్కి ఎన్ని నెలలైనదో వారికే గుఱుతుండదు.

పెద్ద యిల్లమ్మి చిన్నది కొనుక్కొని, మిగిలిన ధనముతో శేషజీవితము గడుపుకొను ఈ పద్ధతికి ఆంగ్లమున పేరు కలదు గాని మన భాషలో స్థిరపడిన మాట యింకను ఏర్పడలేదు. ఈ వ్యాసమున దానిని "ఇల్లు కుదించుకొనుట" అని వ్యవహరించెదను. నేను చెప్పదలచినది ముఖ్యముగ ఒక్కటి. ఈ పనికి పూనుకొను పెద్దలు ధరల హెచ్చుతగ్గులకు అక్కఱకు మించి భయపడుచున్నారు. పత్రములలోని లోపములకును, అమ్మకమునకు కొనుగోలునకు నడుమ పడు కాలమునకును భయపడవలసినంత భయపడుట లేదు.

ఆనేకల్ తాలూకా బెంగుళూరు నగర జిల్లాకు దక్షిణపు కొస. అత్తిబెలె పొలిమేర దాటినచో తమిళనాటి హోసూరు. అటును ఇటును తెలుగు ఇంటిభాషగాగల కుటుంబములు తరతరములుగ నున్నవి. 2011 జనగణనము ననుసరించి బెంగుళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగాగలవారు నూటికి సుమారు 14 మంది. వీరి యిండ్లు ఒక్క తీరువి కావు. పాతయూరిలో నడుమ తొట్టియు ముందు అరుగును గల పెంకుటిండ్లు కొన్ని యింకను నిలిచియున్నవి. బెంగుళూరి కర్మాగారములలో కొలువు చేసి విరమించినవారు ముప్పది, నలుబది అడుగుల సైటు, అనగా 1200 చదరపు అడుగుల స్థలము సంపాదించి, బిడ్డల సంఖ్యను బట్టి అంతస్తుమీద అంతస్తు లేపిరి. చందాపుర దగ్గఱ కర్ణాటక గృహమండలివారి సూర్యనగరమున స్థలములు పొందినవారు కొందఱు. 1978లో ఎలక్ట్రానిక్ సిటీ నెలకొల్పబడిన పిదప, క్రమముగ సాఫ్టువేరు ఉద్యోగములు పెరిగినకొలది, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలనుండి బిడ్డల వెంట వచ్చి అపార్టుమెంట్లలో చేరిన తలిదండ్రులు మఱికొందఱు.

ఇక్కడి ధరలు నిజముగ అనిశ్చితములే. ఏలయన ఈ ప్రాంతపు భూమి నేటి యుపయోగమును బట్టి గాక రేపటి ప్రకటనను బట్టి వెల కట్టబడుచున్నది. బొమ్మసంద్ర వఱకు వచ్చు మెట్రో రైలుమార్గము చేరిన రెండవ దశకు కేంద్రప్రభుత్వము 2014లో సమ్మతించెను. రైలు నడచినది 2025 ఆగస్టులో. ఆ పదునొకండేండ్లును "మెట్రో వచ్చిన పిదప అమ్ముద"మని కూర్చున్నవారు కలరు. హోసూరులో విమానాశ్రయము కట్టుదుమని తమిళనాడు ముఖ్యమంత్రి 2024 జూనులో శాసనసభయందు ప్రకటించెను. సూర్యనగరమున 80,000 మంది కూర్చుండు క్రీడామైదానమునకు కర్ణాటక ప్రభుత్వము 2025 ఆగస్టులో సమ్మతి తెలిపెను. ఇట్టి ప్రతి వార్తకును మఱునాడే దళారులు వెల పెంచుదురు. కట్టడము లేచునా, ఎప్పుడు లేచును అనునది వేఱు మాట. నలువదియేండ్లవానికి పదేండ్లు వేచియుండుట పెట్టుబడి. డెబ్బదిరెండేండ్లవానికి పదేండ్లు వేచియుండుట మిగిలిన యారోగ్యమునంతయు మెట్లమీద వెచ్చించుట.

ధరల భయము ఎంతవఱకు న్యాయమో ఒక లెక్కతో చూతము. ఈ అంకెలు ఊహలు మాత్రమే. పెద్దయిల్లు 1 కోటి 50 లక్షలు, అదే ప్రాంతమున చిన్నయిల్లు 60 లక్షలు అనుకొందము. మార్చుకొన్నచో చేతికి మిగులునది 90 లక్షలు. ఇప్పుడు ధరలన్నియు నూటికి ఇరువది వంతున పడినవి. పెద్దయిల్లు 1 కోటి 20 లక్షలకు దిగును. చిన్నయిల్లు కూడ 48 లక్షలకు దిగును. మిగులు 72 లక్షలు. పెద్దయింటి వెలలో పోయినది 30 లక్షలైనను దంపతుల చేతికి తగ్గినది 18 లక్షలే. ధర పెరిగినను ఇంతే: 30 లక్షలు పెరిగినట్లు కనబడును, చేతికి హెచ్చుగ వచ్చునది 18 లక్షలు. ఒకే బజారులో అమ్మి ఆ బజారులోనే కొనువానికి ధర యనునది సగము వఱకు లెక్కలోని మాటయే. అతనికి కావలసినది రెండు వెలల నడుమనున్న అంతరము.

కాని ఈ ఓదార్పు రెండు చోట్ల చెల్లదు. మొదటిది, ఒక బజారులో అమ్మి వేఱొక బజారులో కొనుట. హిందూపురములోనో మదనపల్లెలోనో ఉన్న యిల్లమ్మి, కుమారునికి దగ్గఱగ నుండుటకై చందాపురలో ఫ్లాటు కొనువారి స్థితి యిది. అక్కడి వెలకును ఇక్కడి వెలకును ఏ సంబంధమును లేదు. దీనికి అమరావతి చెప్పదగిన యుదాహరణము. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన ఆ రాజధాని ప్రాంతమున భూముల వెలలు విపరీతముగ పెరిగినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వెలువడిన పిదప కొనువారు లేకపోయిరి. 2024 జూనులో ప్రభుత్వము మాఱిన తరువాత మరల చలనము వచ్చెను. ఆ నడిమి నాలుగైదేండ్లలో అక్కడి స్థలమమ్మి బెంగుళూరిలో ఇల్లు కొనవలసివచ్చిన వృద్ధునికి పైని చెప్పిన లెక్క పనికిరాదు, ఏలయన పడినది ఒక వెల మాత్రమే.

రెండవది, నేలకును గోడలకును గల భేదము. పాతయింటి వెలలో అధికభాగము దాని క్రింది నేలది. ఫ్లాటు వెలలో అధికభాగము కట్టడమునది. నేలలో దానికి చెందునది అవిభక్తమైన చిన్న వాటా. కట్టడము ఏటేట అరుగును, నేల అరుగదు. కావున స్వతంత్రగృహమమ్మి ఫ్లాటు కొనువారు పెరుగు వస్తువు నిచ్చి తరుగు వస్తువును పుచ్చుకొనుచున్నారు. అందు తప్పేమియు లేదు. లిఫ్టు, కావలివాడు, ఇరుగుపొరుగు, ఇవి డెబ్బదియైదేండ్లవారికి నేలకంటె విలువైనవి కావచ్చును. కాని ఫ్లాటు కూడ ఇంటివలెనే పెరిగి మనుమలకు దక్కునని తలచి కొనుట భ్రమ. మఱియు ఫ్లాటునకు నెలనెల నిర్వహణవ్యయము కలదు. గొట్టపుబావులు అడుగంటిన వేసవిలో నీటిబండ్ల వెచ్చము ఆ వ్యయముపై పడును. 2024 వేసవిలో బెంగుళూరు పరిసరములందు నీటికఱవు ఎట్లుండెనో మఱచినవారు లేరు. పింఛను నిలకడగ నుండి నిర్వహణవ్యయము పెరుగుచుండిన నేమగునో కొనకముందే లెక్కవేసికొనవలెను.

ఇక కాలవిషయము. ముందు అమ్మవలెనా, ముందు కొనవలెనా? ముందు కొనుటకు చేత ధనముండదు. పెద్దవయస్సున బ్యాంకివారు దీర్ఘకాలపు ఋణమీయరు. ముందమ్మి రెండేండ్లు ఆలసించినచో, ఆ లోపల వెలలు నూటికి ఇరువది పెరిగిన యెడల, 60 లక్షల యిల్లు 72 లక్షలగును. చేతిలోని 1 కోటి 50 లక్షలు మాత్రము పెరుగవు. పైని లెక్కలో ధర పడుట కంటె ఈ యెడమే యెక్కువమందిని నష్టపఱచుచున్నది. కావున అమ్మకపు కరారునందే, రిజిస్ట్రేషను జరిగిన పిదప మూడు నాలుగు నెలలు అదే యింట నుండుటకు కొనువాని సమ్మతి వ్రాయించుకొనుట మేలు. కొనబోవు చిన్నయింటికి బయానా యిచ్చు దినమును, పెద్దయింటికి బయానా పుచ్చుకొను దినమును దగ్గఱదగ్గఱగ నుండవలెను. కట్టుచున్న భవనములో ఫ్లాటు కొనుట పెద్దలకు తగదని నా దృఢాభిప్రాయము. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఆలస్యమునకు వడ్డీ యిప్పించును గాని పోయిన యేండ్ల నియ్యజాలదు. పైగా కట్టుచున్న ఫ్లాటుపై 2019 ఏప్రిలు నుండి నూటికి 5 వంతున (అల్పవ్యయ గృహములకు నూటికి 1) జి.ఎస్.టి. కలదు, నివాసానుమతి పత్రము వచ్చిన పిదప కొన్నదానిపై అది లేదు.

ఈ యెడమును దాటుటకు మన ప్రాంతమున ఒక పాతవంతెన యున్నది. "మనె భోగ్యక్కె ఇదె" అను పలకలను ఆనేకల్ వీథులలో చూడనివారు లేరు. ఇంటి యజమానునికి కొన్ని లక్షలు మొత్తముగ ఇచ్చి, రెండు మూడేండ్లు అద్దె లేకుండ ఆ యింట కాపురముండి, గడువు తీఱినపుడు ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొనుట ఈ పద్ధతి. వడ్డీకి అద్దె చెల్లు. తెలుగు దస్తావేజులలో దీనినే భోగ్యము, స్వాధీన తాకట్టు అందురు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము దీనిని తాకట్టులలో ఒక భేదముగ లెక్కించినది. పెద్దయింటి నమ్మిన దంపతులు చిన్నయింట తాము ఇముడగలరో లేదో ఒక యేడాది పరీక్షించుకొనుటకు భోగ్యము చక్కని సాధనము. కాని అది చట్టరీత్య తాకట్టు గనుక ఇరువురు సాక్షులతో వ్రాసి రిజిస్టరు చేయవలెను. లోకమున జరుగునది వేఱు. స్టాంపు కాగితముపై పదునొకండు నెలల కరారు వ్రాసికొని లక్షలు చేతిలో పెట్టుదురు. యజమానునికి అదే యింటిపై బ్యాంకి ఋణముండి, అది చెల్లక ఇల్లు వేలమునకు వచ్చినపుడు, ఆ కాగితము పట్టుకొని నిలుచున్నవానికి ఇల్లును లేదు, సొమ్మును లేదు. భోగ్యమునకు పోవువారు ఆ యింటి ఋణభార పత్రమును ముందుగ తీయించి చూడవలెను.

పత్రముల మాట వచ్చినది గనుక కొంచెము విస్తరించెదను. తెలుగు చెప్పువాడ నగుటచే పాత దస్తావేజులు చదివి చెప్పుమని నాయొద్దకు తెచ్చువారు కలరు. తాతలనాడు చిత్తూరు, అనంతపురము జిల్లాలలో వ్రాయబడిన పత్రములను, కన్నడమో ఆంగ్లమో మాత్రమే చదివిన మనుమలు చదువలేరు. అందు ఒక్క మాట మీద వ్యవహారమంతయు ఆధారపడియుండును: "స్వార్జితము" అని యున్నదా, "పిత్రార్జితము" అని యున్నదా? స్వార్జితమైనచో యజమానుడు తన యిచ్చవచ్చినట్లు అమ్మవచ్చును. పిత్రార్జితమైనచో కుమార్తెల హక్కు చూడవలెను. ఆంధ్రప్రదేశ్ 1985 నుండియు, కర్ణాటక 1994 నుండియు కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో జన్మహక్కు నిచ్చినవి. అప్పటికి పెండ్లియైనవారికి అది వర్తింపకుండెను. 2005 నాటి కేంద్రచట్టము ఆ భేదమును తొలగించెను. తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి జీవించియుండకున్నను కుమార్తెకు ఆ హక్కు కలదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పెను. ఈ కారణమున నేడు కొనువారు ఆడబిడ్డల సంతకములు లేనిదే బయానా యిచ్చుట లేదు. అమెరికాలోనున్న కుమార్తె సంతకమునకు నెలలు పట్టును. ఇల్లమ్మవలెనను తలంపు కలిగిన నాడే మొదలుపెట్టవలసిన పని యిది.

మన ప్రాంతమున రెండవ చిక్కు ఖాతా. వ్యవసాయభూమిని పరివర్తనము లేకుండ చీల్చి అమ్మిన రెవెన్యూ సైటులలో కట్టిన యిండ్లు తాలూకాలో కోకొల్లలు. 2024 అక్టోబరు నుండి రాష్ట్రమంతట రిజిస్ట్రేషనునకు ఈ-ఖాతా తప్పనిసరి యైనది. 2025 ఫిబ్రవరిలో పట్టణ స్థానికసంస్థల పరిధిలోని అనధికార స్థలములకు బి-ఖాతా లిచ్చు కార్యక్రమమును ప్రభుత్వము మూడునెలల గడువుతో ప్రారంభించెను. బి-ఖాతా చేతనున్నంత మాత్రమున లోపములు తీఱినట్లు కాదు. అట్టి యింటిపై అప్పు పుట్టుట కష్టము. అప్పు పుట్టని యింటిని కొనువారు కొందఱే. కొందఱే కొనునపుడు వెల తగ్గును. మఱి కొందఱి చేతనున్నది అమ్మకపత్రము గాక కేవలము అధికారపత్రము, అనగా జి.పి.ఎ. దానివలన స్వామ్యము సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో స్పష్టపఱచినది. అట్టి పత్రము గలవారు అమ్మకమును తలపెట్టుటకు ముందే, వ్రాసియిచ్చినవాడు బ్రదికియుండగనే, సరియైన విక్రయపత్రము పొందవలెను. వెల నూటికి పది తగ్గునేమోయని రాత్రులు నిద్రలేనివారు, వెల సగమునకు దింపు ఈ లోపములను బీరువాలో పెట్టి తాళము వేసికొనుట విచిత్రము.

సుంకముల లెక్కకు పోదము. కర్ణాటకమున 45 లక్షలు మించిన యింటికి స్టాంపు సుంకము నూటికి 5, దానిపై ఉపకరములు. రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 నుండి నూటికి 1 నుండి 2కు పెరిగినది. అన్నియు కలిసి నూటికి సుమారు 7.6. అనగా 60 లక్షల చిన్నయింటికి నాలుగున్నర లక్షలు దాటును. దళారికి ఇరువైపుల నూటికి ఒకటి రెండు వంతున నిచ్చుకొనవలెను. అంతకంటె పెద్దది మూలధనలాభముపై పన్ను. 2024 జూలై 23 నుండి దీర్ఘకాలిక లాభముపై పన్ను నూటికి 12.5, ఆ దినమునకు పూర్వము సంపాదించిన యింటికి, ధరల సూచిక ననుసరించి కొన్నవెల పెంచుకొని లాభముపై నూటికి 20 చెల్లించు పాతపద్ధతి తక్కువైనచో దానిని ఎంచుకొనవచ్చును. 2001 ఏప్రిలునకు పూర్వపు యిండ్లకు ఆనాటి వెలను మూలముగ తీసికొనవచ్చును.

అమ్మిన లాభముతో వేఱొక నివాసగృహము రెండేండ్లలో కొన్నను, మూడేండ్లలో కట్టినను పన్ను లేదని అందఱు ఎఱుగుదురు. కుదించుకొనువారికి ఈ సదుపాయము పూర్తిగ దక్కదను సంగతి కొందఱే ఎఱుగుదురు. మినహాయింపు క్రొత్తయింటి వెలకు మించి రాదు. 1 కోటి 50 లక్షలకు అమ్మిన యింటిలో లాభము 1 కోటి 20 లక్షలనుకొందము. చిన్నయింటికి సుంకములతో కలిపి 65 లక్షలు పెట్టిన, మిగిలిన 55 లక్షల లాభముపై పన్ను పడును. అది సుమారు 6 లక్షల 87 వేలు. పెద్దయింటినుండి సమానమైన యింటికి మాఱువానికి పన్ను లేదు, చిన్నయింటికి మాఱు వృద్ధునికి కలదు! ఆఱునెలలలోపల ప్రభుత్వము నిర్దేశించిన బాండ్లలో 50 లక్షల వఱకు పెట్టి దీనిని తప్పించుకొనవచ్చును గాని ఆ సొమ్ము అయిదేండ్లు బందీ. డెబ్బదియారేండ్ల వయస్సున ఆస్పత్రికి అక్కఱపడునపుడు అందని సొమ్ము కంటె పన్ను చెల్లించి చేతనుంచుకొన్న సొమ్మే మేలని కొన్ని కుటుంబముల విషయమున చెప్పవలసియుండును.

వెలలో కొంత నగదుగ పుచ్చుకొనుమని కొనువారు ఒత్తిడి చేయుదురు. స్థిరాస్తి వ్యవహారమున 20,000 రూపాయలు, అంతకు మించి నగదు బయానా పుచ్చుకొనుట 2015 జూను నుండి నిషిద్ధము. పుచ్చుకొన్నంత మొత్తము అపరాధరుసుముగ పడవచ్చును. మఱియు ఆ నగదుతో చిన్నయింటిని న్యాయముగ కొనుట కుదురదు.

చేత మిగిలిన ధనమును గూర్చి రెండు మాటలు. వృద్ధుల పొదుపు పథకమున 2023 ఏప్రిలు నుండి ఒక్కొక్కరు 30 లక్షల వఱకు ఉంచవచ్చును. దంపతులు ఇరువురైనచో 60 లక్షలు. మూడునెలలకొకసారి వడ్డీ వచ్చును. సహకార బ్యాంకిలో ఒక వంతు వడ్డీ యెక్కువని మొత్తమంతయు ఒకచోట పోయరాదు. 2020 జనవరిలో బెంగుళూరి శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకిపై రిజర్వుబ్యాంకి ఆంక్షలు పడినపుడు, తొలుత 35,000 రూపాయలకు మించి తీసికొనుటకు వీలులేకపోయెను. జీవితకాలపు పొదుపు అందుంచినవారిలో విశ్రాంత వృద్ధులు అనేకులు. బ్యాంకి డిపాజిట్లకు గల భీమా 2020 ఫిబ్రవరి నుండి 5 లక్షలు.

ఇంతకంటె కఠినమైన విషయము బిడ్డలది. మన తెలుగు గ్రామములలో ఆస్తి పంచిన పిదప తలిదండ్రులు నెలకొక కుమారుని యింట వంతులవారీగ భుజించు ఆచారము కలదు. ఇల్లు కుదించుకొనుటలో ఇది చిట్టచివరి మెట్టు. ఇల్లు శూన్యమగును, మూట మిగులును. నగరములందు దీని రూపము మాఱినది. "ఇల్లమ్మి సొమ్మిండు, మేము పెద్ద ఫ్లాటు కొందుము, అందొక గది మీది" అందురు. సద్బుద్ధితోనే అందురు. కాని ఫ్లాటు పత్రము కుమారుని పేర, కోడలి పేర నుండును. గది పేరు ఏ పత్రమునందును ఉండదు. తలిదండ్రుల సొమ్ము ఎంత చేరినదో అంత వాటాకు వారి పేరు పత్రమున నుండుట అవిశ్వాసమని బిడ్డలు తలపరాదు.

ఇంటిని దానముగ వ్రాసియిచ్చుటకు ముందు 2007 నాటి తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టమును తెలిసికొనవలెను. పోషింతుమను నియమముతో పుచ్చుకొని పోషింపనివారి దానపత్రమును రద్దుచేయు అధికారము దానివలన ట్రిబ్యునలునకు కలదు. దానికి ఉపవిభాగాధికారి అధ్యక్షుడు. కాని ఆ నియమము ఉండితీరవలెనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. 2025 జనవరిలో మధ్యప్రదేశపు ఒక తల్లి వ్యాజ్యమున అదే న్యాయస్థానము చట్టమును ఉదారముగ అన్వయించి, కుమారుడు వేఱుగ వ్రాసియిచ్చిన వాగ్దానపత్రమును గూడ పరిగణించి, ఇల్లు తల్లికి తిరిగి యిప్పించెను. అన్ని తల్లులకును అంతదూరము పోవు ఓపిక యుండదు. దానపత్రమునందే "జీవితాంతము మాకు నివాసమును పోషణమును కల్పింపవలెను" అను వాక్యమును చేర్చుటకు వ్రాయసగాని కొక నిమిషము పట్టును. అంతకంటె సులభము వీలునామా. అది వ్రాసినవారి జీవితమున మార్చుకొనుటకు వీలైనది.

ఇల్లు విడువకయే కుదించుకొనుట యొకటి కలదు. మన కర్మాగారముల ప్రాంతమున, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె చుట్టుపట్ల, వఠారము పాతమాట కాదు. క్రింది భాగమున రెండు గదులు, వంటయిల్లు తమకుంచుకొని, మేడను వాటాలుగ విభజించి అద్దెకిచ్చు వృద్ధులు ధరల హెచ్చుతగ్గుల నడుమ నిశ్చింతగ నున్నారు. సుంకము లేదు, దళారి లేడు, పెరటి కరివేపచెట్టు పోదు. నీళ్ళమోటారు, అద్దెవారితో మాటపట్టింపులు, సున్నము వేయించుట అను తలనొప్పులు మాత్రము మిగులును. దంపతులలో ఒకరు పోయిన పిదప అవి రెండింతలగును. విలోమ తాకట్టు అనుదానిని 2007-08 బడ్జెటులో ప్రకటించి నేషనల్ హౌసింగ్ బ్యాంకివారు నియమములు చేసిరి. అరువదియేండ్లు దాటినవారు తమ స్వార్జితగృహమును తాకట్టు పెట్టి, అందే నివసించుచు, బ్యాంకినుండి నెలనెల సొమ్ము పొందవచ్చును. వారి జీవితకాలమున అప్పు తీర్పనక్కఱలేదు. వారసులు తీర్చి యింటిని నిలుపుకొనవచ్చును. మంచి యేర్పాటే గాని బ్యాంకులు దీనియందు ఉత్సాహము చూపలేదు, మనవారికి తాకట్టు మాటయే అశుభముగ తోచినది.

సామాను విషయమును తేలికగ తీసికొనరాదు. గంగాళములు, గుండిగలు, రుబ్బురోలు, పందిరి మంచము, దేవునిగదిలోని పటములు, పెండ్లినాటి పెట్టెలు చిన్నయింట పట్టవు, బిడ్డలకు వలదు. ఇల్లు మాఱు వారమున వీనిని తూకమునకు వేయునపుడు కలుగు దుఃఖము ఇల్లమ్మినప్పటి దానికంటె హెచ్చు. ఒక యేడాది ముందునుండి, ఏది యెవరికో తామే చెప్పి, తామే చేతికిచ్చుట గౌరవముగ నుండును. పత్రములను, పాత తెలుగు దస్తావేజులను మాత్రము తూకపు కాగితములలో కలియనీయరాదు.

ఇల్లు మార్చుట నిశ్చయమైనను శరీరము సహకరింపక రిజిస్ట్రారు కార్యాలయమునకు పోలేక ఆలసించు పెద్దలు పెక్కురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టపు 38వ విభాగము ననుసరించి, శరీరదౌర్బల్యముచే రాలేనివారి యింటికి అధికారి తానే పోవలెను, లేదా అందులకై కమీషను నియమింపవలెను. వ్రాసియిచ్చువారిని విచారించి సంతకమో, వ్రేలిముద్రయో అక్కడనే తీసికొందురు. ఇందులకు ప్రత్యేక రుసుము చెల్లించి, ముందుగ అర్జీ పెట్టుకొనవలెను.